మా పెద్దమ్మకి రక్తం ఎందుకు పెరగలేదంటే

మొన్న బుధవారం టెక్కలిలో రక్తపరీక్ష చేయించుకున్నాను. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మా కోడలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. అక్కడున్న అమ్మాయి నా వేలికొసకి సూది తగిలిందో లేదో నాకు తెలిసేలోపే ఒక్క బొట్టు తీసుకుని, అరచేతిలో ఇమిడే యంత్రంలో పెట్టి, నేను దూదితో వేలు నొక్కుకుంటూ ఉండగానే అంకె చదివేసింది. రక్తం కాస్త తక్కువే ఉందని, ఆకుకూరలు బాగా తినమని, ఐరన్ మాత్ర వేసుకున్న గంటసేపు టీ తాగవద్దని ముద్దుగా చెప్పింది. బుద్ధిగా తలూపాను. సరిగ్గా ఆ మాటల్నే ఆ పిల్ల పుట్టకముందు ఉద్దానం ఊళ్ళలో అరుగు అరుగుకీ చెప్పుకుంటూ తిరిగినదాన్నని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

ముప్పై ఏళ్ళ పైమాటే. ల్యాబ్ టెక్నీషియన్ చదువు పూర్తిచేసి, ఎక్కడా ఉద్యోగం దొరకక దిగులుపడుతున్న రోజుల్లో, మన ప్రాంతపు ఆడవాళ్ళలో రక్తహీనత ఎందుకు ఇంతగా ఉంది, ఏ మందిస్తే తగ్గుతుంది అని తెలుసుకోవడానికి కొందరు డాక్టర్లు పరిశోధన మొదలుపెట్టారు. అందులో నాకు పని దొరికింది. టెక్కలిలో అద్దెకి తీసుకున్న రెండు గదులే మా ఆఫీసూ, ప్రయోగశాలానూ. పైన ఒక పెద్దసారు ఉండేవారు. ఆయన నెలకొకసారి వచ్చి కాగితాలు చూసి వెళ్ళేవారు. రోజూ మాతో జీపులో తిరిగి, మాతోపాటే అరుగుల మీద కూర్చుని అన్నం తిన్నది మాత్రం డాక్టరమ్మ. ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, కళ్ళజోడు, నూలుచీర, కోపం రాని మొహం.

ఆ రోజుల్లో రక్తం చూడటమంటే ఒక పూజలాగా ఉండేది. వేలు పొడిచి, సన్నటి గాజుగొట్టంలోకి గీత దాకా రక్తాన్ని నోటితో పీల్చి, ఆసిడ్ ఉన్న మరో గొట్టంలోకి ఊది, అది గోధుమరంగుకి తిరిగేదాకా పది నిమిషాలు ఆగి, అప్పుడు ఒక్కొక్క చుక్కే నీళ్ళు కలుపుతూ పక్కనున్న గాజు రంగుతో సరిపోయేదాకా వెలుతురుకేసి పట్టుకుని చూడాలి. ఎంత తక్కువ నీళ్ళకే రంగు సరిపోతే, ఒంట్లో రక్తం అంత తక్కువున్నట్టు. ఆ పది నిమిషాలూ ఆడవాళ్ళు ఊరుకుంటారా! ఎన్ని కాన్పులయ్యాయో, ఎన్ని నిలిచాయో, నెలసరి ఎన్నాళ్ళుంటుందో, చోడి అంబలిలోకి, అదే రాగి అంబలిలోకి, ఏం నంచుకుంటారో, డాక్టరమ్మ ప్రశ్నల కాగితంలో ఉన్నవన్నీ మేం అడగకుండానే వచ్చేసేవి; లేనివి కూడా బోలెడు వచ్చేవి.

జీడితోటల్లో, కొబ్బరితోటల్లో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళకి పాదాల్లోంచి పురుగులు ఒంట్లోకి ఎక్కి, పేగుల్లో చేరి రక్తం తాగేస్తాయని, అది కూడా చూడాలని మలం పరీక్ష కూడా పెట్టారు. మూతలున్న చిన్న డబ్బాలిచ్చి మర్నాడు నింపి తెమ్మని చెప్పడానికి నాకు ప్రాణం పోయినంత సిగ్గయ్యేది. ఒక ఇంట్లో అత్తా, ముగ్గురు కోడళ్ళూ కలిపి నాలుగు డబ్బాలిచ్చారు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే నాలుగూ ఒకే అచ్చు. వెళ్ళి అడిగితే, అందరం ఒకే కుండలో అన్నం తింటాం కదా, వేరేగా ఎందుకుంటుందని పెద్దకోడలే అన్నిట్లోనూ సర్దేసిందట. డాక్టరమ్మ ఆ రోజు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

మేం తిరిగే ఊళ్ళలో ఒకటి వజ్రపుకొత్తూరు దగ్గరిది, మా పెద్దమ్మ ఊరు. పెద్దమ్మంటే మా అమ్మకి స్వయానా అక్క. మా అమ్మకి ఒంట్లో బాగులేని రోజుల్లో నాకు మూడేళ్ళు అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపింది ఆవిడే. వాళ్ళకి కొంచెం కొబ్బరితోట, మరికొంచెం జీడితోట ఉండేవి. పనిలేని రోజుల్లో జీడిపిక్కలు కొట్టేది. ఆ పిక్కల జిడ్డుకి అరచేతులు నల్లగా మాడి, పగిలి ఉండేవి. నేను వేలు పొడవడానికి పట్టుకున్నప్పుడు ఆ చేతిని చూసి సూది దించడానికి చోటు వెతుక్కున్నాను.

మొదట ఆ ఊళ్ళో ఎవరూ వేలు చాపలేదు. రక్తం పట్టుకెళ్ళి అమ్ముకుంటారని ఎవరో అన్నారు. అప్పుడు పెద్దమ్మే కొంగు నడుముకి చుట్టి ముందుకొచ్చి కూర్చుంది.

"ఇది మా సెల్లి కూతురు. దీని సేతికి రగతం ఇత్తే నాకేటవుద్దే? రండే, ఏళ్ళు సాపండి" అంది.

అంతే, మధ్యాహ్నానికి వీధంతా వరసలో కూర్చుంది. ఆ ఊళ్ళో మా పని నడిచింది పూర్తిగా ఆవిడ మాట మీదే.

పురుగులకి మందిచ్చి, తర్వాత ఐరన్ మాత్రలిచ్చి, నెలనెలా వెళ్ళి రక్తం చూసేవాళ్ళం. రెండో నెలకి పక్కింటి పిన్నికి పెరిగింది, ఎదురింటి అవ్వకి పెరిగింది, తెల్లగా పాలిపోయి ఉన్న కొత్త కోడలి పెదాలకి కాస్త రంగొచ్చింది. పెద్దమ్మకి మాత్రం తగ్గింది. మూడో నెలకి ఇంకా తగ్గింది. మాత్రల పట్టీలు అడిగితే అన్నీ ఖాళీవే చూపించేది.

ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో వికారం, విరేచనం నల్లగా రావడం మామూలే కనక, చాలామంది వాటిని పెరట్లో పారేసి ఖాళీ పట్టీలు చూపించేవారు. అది మాకు తెలిసిన సంగతే. అలాంటివాళ్ళ వల్ల లెక్కంతా తప్పుగా వస్తుందని, అనుమానం ఉన్నచోట నిర్మొహమాటంగా రాయమని పెద్దసారు గట్టిగా చెప్పారు. నేను కాగితంలో పెద్దమ్మ వరసలో, మరికొందరి వరసల్లో, నా గుండ్రటి దస్తూరితో 'మాత్రలు వాడుట లేదు' అని రాశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఉద్యోగం కొత్త, పైగా సొంత మనిషని చూసీచూడనట్టు వదిలేసిందని ఎవరైనా అంటారేమోనన్న భయం. వీధిలో అందరూ ఉండగానే, నా పరువు తీస్తున్నావు పెద్దమ్మా, నువ్వే ఇలా పారేస్తే మిగతావాళ్ళకి నేనేం చెప్పాలి అని నిలదీశాను.

ఆవిడ నన్ను ఒక్క క్షణం చూసింది. "నాను మింగుతన్నానే గుంటా" అంది. నేనెప్పుడు వెళ్ళినా చేతిలో నాలుగు పనసతొనలైనా పెట్టకుండా పంపని మనిషి, ఆ రోజు కూడా ఆకులో చుట్టిన తొనలు తెచ్చి జీపులో నా పక్కన పెట్టి, తలుపు మెల్లగా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి నెల వెళ్ళేసరికి పెద్దమ్మ మొహం ఉబ్బి ఉంది. నాలుగడుగులు వేస్తే ఆగి స్తంభం పట్టుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే పక్కింటి పిన్ని నా చెయ్యి పట్టుకుని తన వీధరుగు దగ్గరకి లాక్కెళ్ళింది. సున్నం వేసిన గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు, ఒకదాని పక్కన ఒకటి, కిటికీ దాకా ఉన్నాయి.

"రోజూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి, నా ఎదరే మింగింది. మింగినాక నోరు తెరిసి కూడా సూపించింది. రోజుకో గీత గీసినాను. నెక్కెట్టుకో" అంది పిన్ని, కోపంగా.

నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే మొహం లేదు. నన్ను పెంచిన మనిషి, తన మాట నేను నమ్మనందుకు, నెల రోజులపాటు పక్కింటికి వెళ్ళి నోరు తెరిచి చూపించి వచ్చింది. ఆ రోజు వేలు పొడిస్తే వచ్చిన రక్తం నీళ్ళలా పల్చగా ఉంది. గొట్టంలో నాలుగు చుక్కల నీళ్ళు వేయగానే రంగు సరిపోయింది.

తిరుగుదారిలో జీపు కాశీబుగ్గ దాటింది. తర్వాత డాక్టరమ్మకి అంతా చెప్పాను, నేను రాసిన మాటతో సహా. ఆవిడ వెంటనే జీపు వెనక్కి తిప్పమంది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, పెద్దమ్మ పక్కన నులకమంచం మీద కూర్చుని, కాళ్ళు నొక్కి చూసి, మూత్రం సంగతి, దురద సంగతి, అన్నం సహిస్తోందా లేదా అని నిదానంగా అడిగి, ఈసారి మోచేతి దగ్గర రక్తం తీయించి విశాఖపట్నం పంపించింది. పది రోజులకి కాగితం వచ్చింది. పెద్దమ్మ కిడ్నీలు రెండూ బాగా దెబ్బతిని ఉన్నాయి.

డాక్టరమ్మ ఆ రోజు నాకు చెప్పిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. మన రక్తం ఎముకల మూలుగలో తయారవుతుంది, తయారుచెయ్యమని కబురు పంపేది కిడ్నీలు, అవి పాడైతే ఆ కబురే అందదు, కబురు అందని చోట ఎంత ఐరన్ పోసినా పని జరగదు అంది. తర్వాత 'మాత్రలు వాడుట లేదు' అని నేను రాసిన పేర్లన్నీ బయటికి తీయించింది. వాళ్ళందరినీ మళ్ళీ పరీక్షిస్తే, నిజంగానే మాత్రలు పారేసినవాళ్ళు కొందరున్నారు. పెద్దమ్మలాంటివాళ్ళూ కొందరు బయటపడ్డారు. నేను రాసిన మాటల్ని నా చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకాలు చేశాను. అప్పట్నించి మా పరిశోధనలో ఐరన్‌కి రక్తం పెరగని ప్రతి మనిషికీ కిడ్నీ పరీక్ష చెయ్యాలని పెద్దసారు కూడా ఒప్పుకున్నారు.

పెద్దమ్మకి సంగతి చెప్పడానికి నేనే వెళ్ళాను. ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు, ఇంటింటా చూసిన చావులే. పెదనాన్న అరుగు మీద అలాగే కూలబడిపోయాడు. పెద్దమ్మ మాత్రం అంతా విని, నా మొహంలోకి చూసింది.

"అయితే నాను అబద్దమాడనేదు కదా?"

"లేదు పెద్దమ్మా. తప్పు నాదే."

"ముందల ఆ మాట ఈదిలో సెప్పు."

వెళ్ళి చెప్పాను. పొద్దున్నే నీళ్ళ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందు, ఏ చోట నిలబడి నిలదీశానో అదే చోట నిలబడి, మా పెద్దమ్మ ఒక్క మాత్ర కూడా పారెయ్యలేదని, నేనే తప్పుగా అన్నానని గట్టిగా చెప్పాను. పక్కింటి పిన్ని వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఉబ్బిన మొహంలో అంత తేట నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఆవిడ మూడేళ్ళు బతికింది. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ అప్పట్లో మన దగ్గర దొరికేది కాదు. డాక్టరమ్మ విశాఖపట్నం నుంచి ఎవరెవరినో బతిమాలి కొన్నాళ్ళు తెప్పించింది. అది పడ్డ నెలల్లో పెద్దమ్మ లేచి తోటలోకి వెళ్ళేది, కొబ్బరాకులు చీరి చీపుళ్ళు కట్టేది. రెండుసార్లు నా రక్తం ఎక్కించారు. అప్పుడు, మనిద్దరి రక్తం ఒకటైపోయింది, ఇక నువ్వు నా కడుపున పుట్టినట్టే అని నవ్వింది. డయాలసిస్ కోసం రైలెక్కి విశాఖపట్నం వెళ్ళడం, సత్రంలో పడుకోవడం, మర్నాడు తిరిగి రావడం, రెండు రోజులకి మళ్ళీ బయల్దేరడం. కొన్ని నెలలకి ఆవిడే వద్దంది. ఈ ప్రయాణాల్లో చచ్చిపోతానేమోనని భయంగా ఉంది, ఇంటి దగ్గర ఉండనియ్యండి అంది. జీడిమామిళ్ళు పూతమీద ఉన్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఇంటి దగ్గరే వెళ్ళిపోయింది.

పరిశోధన ముగిసింది. డాక్టరమ్మ ఏ ఊరికో బదిలీ అయింది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం, తర్వాత అవీ ఆగిపోయాయి. నేను వేరే ఉద్యోగంలో చేరి, ఎన్నో ఆసుపత్రుల్లో ఎంతోమంది రక్తం చూసి, రిటైరయ్యాను. ఆ తర్వాత ఎవరైనా మాత్రలు వేసుకుంటున్నాను అంటే కాదని నేనెప్పుడూ అనలేదు.

ఇప్పుడు రోజులు మారాయి. పలాసలోనే డయాలసిస్ చేస్తున్నారు, పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఇంటికొచ్చి అన్నం తింటున్నారు. జబ్బు బావినీళ్ళ వల్లేనేమోనన్న అనుమానంతో ఊళ్ళలోకి కొళాయి నీళ్ళు తెచ్చారు. జబ్బు మాత్రం పోలేదు, అది ఎందుకొస్తోందో ఇప్పటికీ తేల్చి చెప్పినవాళ్ళు లేరు. కానీ అప్పటిలాగా చూస్తూ చూస్తూ మనిషిని పోగొట్టుకోవడం లేదు. అవన్నీ చూసినప్పుడు సంతోషమే కలుగుతుంది. మా పెద్దమ్మ ఓ ముప్పై ఏళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే, ఇవాళ నిక్షేపంగా బతికే ఉండేది కదా అనిపిస్తుంది. కానీ అలా పుట్టి ఉంటే నాకు పెద్దమ్మ అయ్యేది కాదు. ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి అయి ఉండేది. అంతవరకు వచ్చాక ఆ కోరిక కోరుకోవడానికి కూడా నాకు మనసొప్పదు. ఇంత స్వార్థమా అని నన్ను నేనే తిట్టుకుంటాను, కళ్ళు తుడుచుకుంటాను.