మేస్త్రీగారి వేళ్ళ తప్పు కాదు

చోడవరం మెకానిక్ మేస్త్రీగారు పోయారని పోయిన సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక లారీ డ్రైవరు చెప్పాడు. "సోడాల మేస్త్రీ పోయేడంట బాబూ" అన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమంది. ఆయన సోడా బడ్డీ పెట్టుకున్నది ఈ ఆఖరి మూడు నాలుగేళ్ళే. అంతకుముందు మాడుగుల నుంచి కె.కోటపాడు దాకా ఏ బండి గేర్‌బాక్సు మూలిగినా ఆయన షెడ్డుకే వచ్చేది. ఆయన ఆ పని ఎందుకు మానేశారో నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి సిగ్గుతో ఇప్పుడు రాస్తున్నాను.

ఏ గేర్‌బాక్సు ముట్టుకున్నా ఆయన ముందు అందులోని నూనె చుక్క తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది ఎండలో చూసేవారు. వేలి మీద ఇనప రజను మెరిసిందంటే లోపల పళ్ళు అరిగిపోతున్నట్టే. మెరవకపోతే విప్పేవారే కాదు. "ఇనానికి దాపరికం తెలీదు బాబూ, అడిగితే సెప్పేత్తాది" అనేవారు. పెద్ద పని ఏది పూర్తయినా మొదటి సవారీకి తన భార్యను ఎక్కించడం ఆయనకు ఇంకో అలవాటు. ఆవిడ పొయ్యి మీద ఎసరు దింపి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. ఆవిడ ఎక్కిన బండికి ఊళ్ళో ఇంకెవరూ వంక పెట్టేవారు కాదు.

అయిదేళ్ళ కిందట నేను డిప్లొమా చదివి ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. సొంతంగా ఒక కారు కట్టాలని పిచ్చి. వెనక చక్రాలు తోసే కారు అందరికీ ఉంది, నాది ముందు చక్రాలు లాగే కారు కావాలి. బురదలో చెరుకు బండిని ఎడ్లు ముందునుంచే కదా లాగుతాయని మేస్త్రీగారితో వాదించాను. "మా ఇంజినీరు బాబు ఎడ్ల దగ్గర సదువుకున్నాడు" అని ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

అలాంటి కారుకు ప్రాణమంతా గేర్‌బాక్సే. అది బిగుసుకుంటే ముందు చక్రాలు ఆగిపోతాయి, ఇక స్టీరింగు ఎటు తిప్పినా కారు తిరగదు. విశాఖపట్నం పాత సామాన్ల కొట్లలో రెండు దొరికాయి. ఒకటి ఎక్కడో గుద్దుకున్న వ్యానుది. దుక్కలా బరువు, తిప్పితే గరగరమనేది. రెండోది విదేశీ చిన్న కారుది. తేలిగ్గా ఉండి, వేలితో తిప్పితే వెన్నలా తిరిగేది. మేస్త్రీగారు చూడగానే వ్యానుదే అన్నారు. నేను ముఖం మాడ్చుకున్నాను. సరే, రెండిటి నూనె చూసి చెప్తాను, రేపు పట్టుకురమ్మన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో విదేశీదాని నూనె నేనే రుద్ది చూశాను. వేలి నిండా మెరుపే. ఆ నూనె మొత్తం వంపేసి, లోపల కిరసనాయిలుతో కడిగి, ఇంకో కారు గేర్‌బాక్సులోంచి తీసిన, మెరుపు లేని పాత నూనె పోశాను. కొత్త నూనె అయితే ఆయన పట్టేస్తారని తెలుసు. అంత తెలివి చదువుకున్నవాడికే వస్తుంది. మర్నాడు ఆయన ఒకసారి చూశారు, మళ్ళీ చూశారు. "నా మనసు యానుదాని మీదే ఉంది బాబూ. కానీ నూనె బాగుందంతంది, కాదనడానికి నేనెవుణ్ణి" అన్నారు. నేను తలూపాను.

నాలుగు నెలలకు కారు తయారైంది. మేస్త్రీగారి భార్య చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చి వెనక సీట్లో కూర్చుంది, ముందు నేనూ మేస్త్రీగారూ. నోరు విప్పడానికి అప్పుడు కూడా నాకు సమయం ఉంది. విప్పలేదు. మాడుగుల రోడ్డు పల్లంలో పన్ను విరిగి గేర్ల మధ్య ఇరుక్కుంది. చక్రాలు బిగుసుకుపోయి కారు తిన్నగా కాలవలోకి దిగింది. మా ఇద్దరికీ గీరుకుపోవడంతో సరిపోయింది. ఆవిడ కుడి మోచెయ్యి విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి మళ్ళీ తిన్నగా చాపలేకపోయింది.

"నా ఏళ్ళు నన్ను మోసం సేసేయి" అని ఆయన అడిగినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. మేస్త్రీకి వయసైపోయిందని డ్రైవర్లు అనుకున్నారు. నేను పక్కనే ఉండి వింటూ ఊరుకున్నాను. మొదట భయం, తరవాత సిగ్గు, పోనుపోను అదే అలవాటైపోయింది. ఎవరు బండి తెచ్చినా ఆయన వేరే మేస్త్రీకి చూపించుకోమనడం మొదలుపెట్టారు. ఏడాది తిరగకుండా షెడ్డు ఎత్తేశారు. ఆయన బడ్డీలో నేను సోడాలు కూడా తాగాను. మళ్ళీ కారు కట్టవా అని ప్రతిసారీ ఆప్యాయంగా అడిగేవారు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

నిన్న వాళ్ళింటికి పలకరింపుకు వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని, నూనె మార్చింది నేనేనని మొదటినుంచి మొత్తం చెప్పేశాను. ఆవిడ ఆ వంకర చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. ఏడవలేదు.

"ఆయనకి సెప్పాల్సింది బాబూ" అంది చివరికి. "ఈ సెయ్యి కంటపడితే సాలు, తల దించేసుకునేవోరు."

చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు కనక ఏమీ అనకుండానే లేచాను. వాకిట్లో తాడు మీద ఆయన చొక్కాలు ఉతికి ఆరేసి ఉన్నాయి. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా నూనె మరక లేదు.