బొట్టు పెట్టించుకున్న కెమెరా

నందిగామ కొట్టులో ఆ వీడియో కెమెరా నా అరచేతిలో పెట్టగానే ముందు కోపం వచ్చింది. ఇంత చిన్నదాన్ని నమ్ముకుని మా బావగారి మీదికి వెళ్లాలా అని. చిన్న పిడి, దాని మీద గోళీకాయంత తల. మీట నొక్కితే ఆ తల గిరుక్కున తిరిగి నా ముఖం చూసింది. పక్కకి జరిగితే అదీ తిరిగింది.

“మనిషి ఎటు పోతే అటు చూసిద్ది మేడమ్,” అన్నాడు కొట్టతను.

“అట్టా చూసేవాళ్లు మా ఇంట్లో చాలామంది ఉన్నార్లే,” అన్నాను. అన్నాను గానీ కొనేశాను.

మా మిరపచేను జగ్గయ్యపేట దాటాక, గరికపాడు వైపు. రోడ్డు మీంచి చేలోకి వెళ్లడానికి మా ఆయన అన్నగారి పొలం అంచున ఉన్న బండిబాట ఒక్కటే దారి. ఏటా బావగారు “బాట జోలికి రాను” అంటారు. పత్తికట్టె పీకించగానే బాటతో కలిపి దున్నించేస్తారు. అడిగితే, “నేనెప్పుడన్నా?” సాక్ష్యానికి వచ్చిన పెద్దమనుషులకి అప్పటికి మతిమరుపు వస్తుంది. కిందటేడు కాయ బస్తాలు కూలీల నెత్తిన రోడ్డుకి చేరాయి. ఈసారి మొయ్యలేమని వాళ్లు ముందే చెప్పేశారు. బాట పోతే కాయ కళ్లంలోనే ఉండిపోతుంది. పోయినసారి ఆయన మాట ఫోన్లో తీస్తుంటే ఎవరిదో కాల్ వచ్చి మధ్యలో తెగిపోయింది. అందుకే ఈ కెమెరా.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టానో లేదో, అత్తయ్య పసుపు తడిపి తెచ్చారు.

“అదేమన్నా ట్రాక్టరా అత్తయ్యా?”

“కొత్త వస్తువమ్మా. ఉత్తినే వాడతారా?”

అద్దం మీద పడనివ్వనని దాని తలకి చెయ్యి అడ్డం పెట్టి వాదించాను. సరేనని ఆవిడ పిడి మీద ముందొకచోట, కింద ఒకచోట పసుపు మెత్తి కుంకుమ అద్దారు. అక్కడ సూదిమొనంత బెజ్జాలున్నాయి. చూశాను. అవి దేనికో ఆలోచించలేదు. ఎమ్మెస్సీ చదివినదాన్ని.

మర్నాడు పొద్దున్నే బాట దగ్గర ఇద్దరు పెద్దమనుషులు, బావగారు.

“ఏందమ్మాయ్ అది, గడ్డం గీసుకునే మిషనా?”

“మీ మాట దాచుకునే మిషను బావగారూ.”

ఆయన నవ్వు ఆగిపోయింది. పెద్దమనుషుల్లో ఒకాయన, “ఇంటి గొడవకి ఇయ్యన్నీ ఎందుకమ్మా?” అన్నాడు.

“ఇంటి గొడవ కాబట్టేనండి. బయటివాళ్లయితే కాగితం రాయించుకునేదాన్ని.”

బావగారు అటు నడిచారు, ఇటు నడిచారు. కెమెరా తల ఆయన వెంటే తిరిగింది. తువ్వాలుతో మెడ తుడుచుకుని చివరికి, “సరే, బాట దున్నను. ట్రాక్టరు పట్టేంత వదిలేస్తా. చాలా?” అన్నారు.

ఇంటికొచ్చి టీవీకి తగిలించాను. బావగారి నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మాట లేదు. సౌండు ఎంత పెంచినా లేదు. అప్పుడు గుర్తొచ్చాయి ఆ బెజ్జాలు, మాట లోపలికి పోయేది వాటిలోంచేనని. పసుపు ఎండి సిమెంటులా బిగిసిపోయింది. గుండుసూదితో గీకుతుంటే అత్తయ్య వచ్చి చూశారు.

“పెద్దాడికి చెప్పమాకు,” అన్నారు.

నాలుగో రోజు మా ఆయన పొలం నుంచి ఫోను చేశారు. అన్నయ్య ట్రాక్టరు బాట దగ్గరికి వచ్చిందని. వెళ్లేసరికి డ్రైవరు దున్నడానికి వెనక గొర్రు దించుతున్నాడు. నేను కెమెరా పైకెత్తాను.

“ఆ రోజుది పడిందా?” ఇంజను మోతలో అరిచారు బావగారు.

“బ్రహ్మాండంగా! మీ చొక్కాకి మూడో గుండీ లేదు, అది కూడా పడింది!”

“ఏదీ, పెట్టు!”

పెట్టాను. గోరంత తెర మీద ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు, ఏదో అన్నారు. బావగారు కెమెరా తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నారు. ట్రాక్టరు దడదడలాడుతోంది. బావగారు డ్రైవరు వైపు చెయ్యెత్తారు. ఇంజను ఆపమంటారు, మాట పడలేదని తెలిసిపోతుంది, అయిపోయింది అనుకున్నాను.

“గొర్రు ఎత్తరా!” అని అరిచారు.

కెమెరా నా చేతిలో పెట్టి, తన పొలంలోకి నడిచారు. ట్రాక్టరు మోత దూరమయ్యేదాకా నేను నోరు తెరవలేదు.