బావిలో కుట్టినవి కందిరీగలు కావు

పొద్దున్నే పెరట్లోకి పోయి వచ్చిన మా ఆయన, "ఉచ్చ నల్లగా వస్తాండాదే, కాఫీ డికాషన్ మాదిరి" అన్నాడు. అప్పటికి ఆయనకు నొప్పులు తగ్గాయి, ముఖం వాపు కూడా తీసింది. అందరం గండం గడిచిందనుకున్నాం. ఆ మాట వినగానే నాకు మాత్రం భయం పట్టుకుంది.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. ఆయన బావుల్లో పూడిక తీసేవాడు. అంతకు రెండురోజుల ముందు, కరువుకు ఎండిన ఒక బావిలోకి తాడు పట్టుకుని దిగుతూ గోడ రాళ్ల సందులో కాలు పెట్టాడు. అంతే, సందులోంచి గుంపుగా లేచాయి. బావిలో పరుగెత్తేది యాడికి? పైవాళ్లు లాగేలోపు తల, మెడ, వీపు కుట్టేశాయి. "కందిరీగలేలే" అంటూ సున్నం పూశారు. పచ్చగా ఉండి కుట్టేదేదైనా మాకు కందిరీగే మరి.

"ఎండకు వేడి చేసిండాదిలే బీబీ, టెంకాయ నీళ్లు తాపు" అంది మా అత్త. మా సీమలో ఎండాకాలం ఉచ్చ రంగు మారితే ఎవరూ పట్టించుకోరు. తాపాను. మజ్జిగా తాపాను. సాయంత్రానికి ఉచ్చ పూర్తిగా ఆగిపోయింది. కళ్లరెప్పలు ఉబ్బాయి, ఎక్కిళ్లు మొదలయ్యాయి.

"వేడికి ఆసుపత్రి ఎందుకే?" అంది అత్త. ఆమెతో గొడవపడే ఆయన్ను అనంతపురం బస్సెక్కించాను.

డాక్టరు మొదట అడిగింది ఒకటే, "ఏం కుట్టాయి?" ఆయన తలగుడ్డ మడతలో దొరికిన చచ్చిన పురుగును చూపించాను.

"ఇది కందిరీగ కాదమ్మా, కడజ. కందిరీగకు నడుము దారంలా ఉంటుంది, ఎగిరేటప్పుడు కాళ్లు వేలాడతాయి. చూరు కింద కట్టుకునే గూటిలో గదులన్నీ బయటికే కనిపిస్తాయి. ఇదెంత లావుందో చూడు. ఇటుక రంగు, పొట్ట మీద పసుపు పట్టీ. గోడల లోపల గూడు పెడుతుంది. ఇవి ఇన్ని కుడితే విషం కండరాలను కరిగిస్తుంది. ఆ కరిగిందంతా పోయి కిడ్నీల్లో అడ్డం పడింది."

బ్లడ్ టెస్ట్ చేసి యూరియా బాగా పెరిగిందన్నారు. రక్తం కడిగే మిషను ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదు. "కిడ్నీలు వాటంతటవే మేలుకోవాలి. టెంకాయ నీళ్లు మాత్రం ఇక వద్దు, వాటిలోని పొటాషియం బయటికి పోయే దారి లేక గుండె ఆగిపోతుంది" అన్నాడు డాక్టరు.  వాటిని ప్రేమగా తాపింది నేనే కదా.

ఉచ్చ రాదు కాబట్టి తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవాళ్లు. "ఒక గుక్క పొయ్యవే, నీ కాళ్లు మొక్కుతా" అని ఆయన ఏడిస్తే మొహం తిప్పుకుని నేనూ ఏడ్చాను. ఒకరోజు ఊపిరి ఆడక మనిషిని కూడా గుర్తుపట్టలేదు. ఇక దక్కడనే అనుకున్నాను. ఆ తర్వాత కొద్దికొద్దిగా యూరిన్ వచ్చింది. నర్సు సీసా ఎత్తి చూపిస్తే పండగంత సంతోషపడ్డాను. అయినా ఇంటికి పంపడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు ఆయన బావుల్లోకి దిగడు, గడ్డ మీద నిలబడి తాడు లాగుతాడు. ఎక్కువ నడిస్తే పాదాలు వాస్తాయి. ఆ బావి గోడలో కడజలు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నాల్లో దాహానికి మా నీళ్ల కుండ మీదికే వస్తాయి. ఎగిరిపోయేదాకా నేను కుండ ముట్టను.

ఇది చదివేవాళ్లకు ఒకటే చెప్తాను. గుంపుగా కుట్టినప్పుడు నొప్పి తగ్గిందని ధీమాగా ఉండకండి. ఉచ్చ రంగు మారినా, తగ్గినా, వేడి అనుకోకుండా ఆ పూటే బస్సెక్కండి. మేము ఇంకొక్క పూట ఆగి ఉంటే ఆయన ఉండేవాడు కాదు.