గుర్రమెక్కిన కొడుకు

జింజ్‌లో నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇంట్లో ఇరవై రెండేళ్లు కారు నడిపాను. మా ఊరివాళ్లకు మాత్రం నేను ‘దుబాయి’లోనే ఉన్నాను. ఇది బహ్రెయిన్ అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చి వదిలేశాను.

ఆ ఇంటి వంటవాడిది నేపాల్ ఎగువ కొండలు, తాతముత్తాతలది టిబెట్. ఒక మధ్యాహ్నం ఉల్లిగడ్డలు తరుగుతూ, నానమ్మ నోట విన్న టిబెట్ తొలి రాజుల ముచ్చట చెప్పాడు. కొడుకు తనంతట తాను గుర్రమెక్కగలిగిన రోజుతో తండ్రి ఏలుబడి సరి. కొడుకు గద్దె మీదికి, తండ్రి తాడు పట్టుకొని ఆకాశంలోకి.

“మరి కొడుక్కు గుర్రం నేర్పేదెవరు భాయ్?” అన్నాను.

“ఇంకెవరు, తండ్రే అయ్యుంటాడు.”

“మీ రాజులకు బుర్ర లేదు” అని పడీపడీ నవ్వాను.

నాకేదో పెద్ద బుర్ర ఉన్నట్టు! నా కొడుకు ఊళ్లోనే టాక్సీ నడుపుకుంటాడని డ్రైవింగ్ నేర్పించింది నేనే. వాడు ఈ గల్ఫు మొహం చూడకూడదు, నాకున్న కోరిక అదొక్కటే. లైసెన్స్ రాగానే వాడు ఫోటో పంపాడు. చూసుకొని మురిసి ఊరుకోవచ్చు కదా! కర్జకాన్ ఊళ్లోని వాళ్ల తోట దగ్గర కారు ఆపి, వెనక సీట్లో ఉన్న కఫీల్‌కు చూపించాను. ఆయన ఫోటో చూశాడు, నా కళ్లద్దాలు చూశాడు.

“నీకు చూపు తగ్గింది. వీణ్ని పిలిపించు. నువ్వు ఖలాస్” అన్నాడు, ప్రేమగానే.

నా ఆత్రమే నా కొంప ముంచింది. రావద్దురా అని కొడుకును ఫోన్లో తిట్టాను, బతిమాలాను.

“ఊళ్లె బండ్లెక్కువ, ఎక్కేటోళ్లు తక్కువ. నువ్వొచ్చి ఇంట్ల కూసుంటే ఎట్ల నడుస్తది బాపూ?” అన్నాడు.

వాడొచ్చాక, ఇక్కడి డ్రైవింగ్ పరీక్ష పాసయ్యేదాకా నన్ను ఉంచారు. కన్నతండ్రినై ఉండి వాడు ఫెయిలవ్వాలని మొక్కుకున్నాను. మొదటిసారే పాసయ్యాడు.

నేను వెళ్లిపోయే ముందు జల్లాఖ్ బీచికి దారి చూపించడానికి వాణ్ని తీసుకెళ్లాను. స్టీరింగు వాడిది, పక్క సీటు నాది. చక్కగా నడుపుతున్నాడు. ఒక్క తప్పయినా దొరుకుతుందేమోనని వెతికాను.

“రెండేండ్లే బాపూ, గంతే. మళ్లొచ్చి ఊళ్లెనే ఉంట” అన్నాడు.

“గట్లనే బిడ్డా” అన్నాను. ఇరవై రెండేళ్ల కింద విమానం ఎక్కేరోజు నేను మా నాయినతో చెప్పిన మాట అదే.