బెల్లం గదికి లోపలి గడియ

పొద్దున్న చోడవరం నుంచి విశాఖలో మా ఫ్లాటుకి ఒక బెల్లం దిమ్మ వచ్చింది. గోనెసంచి విప్పగానే వంటిల్లు, హాలు, లిఫ్టు, నా అంచనా ప్రకారం కింద వాచ్‌మన్ గది దాకా వాసన కమ్మేసింది. మా ఆయన కళ్లు మూసుకుని అరిసెల్ని తలుచుకున్నాడు, పిల్లలు ముక్కు చిట్లించి మళ్లీ ఫోన్లలో దూరిపోయారు, నేను మాత్రం లేచి వెళ్లి బాత్రూమ్ తలుపు తీసి లోపలికి చూశాను. బెల్లం వాసనకి లోకంలో అందరికీ వంటిల్లు గుర్తొస్తే నాకు మరుగుదొడ్డి గుర్తొస్తుంది. తప్పు నాది కాదు, మా తాతది.

మా ఇల్లు చోడవరం శివార్లలో, ఊరు అయిపోయి చెరుకు మొదలయ్యే చోట ఉండేది. ఆ చెరుకు ఇప్పటి చెరుకులాంటిది కాదు. అందులోకి ఏనుగు దూరితే తోక కూడా మిగిలేది కాదు, గాలి దూరితే దారి తప్పి మర్నాటికి బయటపడేది. మగవాళ్లకి అది పంట, మా వీధి ఆడవాళ్లకి మాత్రం అదే గోడ, అదే తలుపు. తెల్లారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి, చెంబులు పట్టుకుని నాయనమ్మ వెనక అందరూ బయల్దేరేవారు. పాములు తప్పుకోవాలని నాయనమ్మ చప్పట్లు కొట్టేది, ఆ చప్పుడుకి పాములేమో గానీ అటు పక్క చీడికాడ కొండల్లో నక్కలు కూడా తప్పుకునేవని నా నమ్మకం. ఆమె కొంగు పట్టుకుని నేను నడుస్తుంటే చెరుకాకులు పిక్కల మీద గీతలు గీసేవి, కాళ్ల కింద మట్టి చల్లగా జారేది, కప్పలు మా మాటలకి తాళం వేసేవి. వీధిలో ఏ కోడలు ఏ అత్తని ఏమందో మొదట తెలిసేది ఆ చెరుకుకే. వానాకాలం వస్తే ఇంటికొకరు కడుపు పట్టుకుని మంచమెక్కేవారు, దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసేవారు. చెరుకులోంచి పారిన వాననీళ్లు తిన్నగా మా మంచినీళ్ల బావికే వస్తున్నాయని ఎవరికీ తట్టలేదు.

అసలు బాధంతా పగటిపూటే. ఆ రెండు చీకట్ల మధ్య పగలు ఎంత పొడుగ్గా ఉండేదంటే, మధ్యలో ఒక పంట వేసి కోసేయొచ్చు. మా మేనత్త వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి వంటింట్లోకీ ఊరికే తిరిగేది. మేం ఆడపిల్లలం తొక్కుడుబిళ్ల ఆడుతూ ఆడుతూ మధ్యలో కాళ్లు మెలేసుకుని నిలబడిపోయేవాళ్లం. ఆకాశం వంక అన్నిసార్లు చూసిన జనం లోకంలో రెండు రకాలే ఉంటారు, రైతులూ మేమూ. ఎండలో ఆడొచ్చి కడవ దగ్గరికి వెళ్తే నాయనమ్మ చెంబు లాక్కునేది.

"నీళ్లు తాగీకే గుంటా. సందేల దాకా ఎక్కడికెల్తావు?"

ఆమె మాత్రం పొద్దుట తాగిన గుక్కెడు నీళ్లతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేది.

అలాంటి మా వీధికి గవర్నమెంటు మరుగుదొడ్లు వచ్చాయి. ఎదురింటి పైడమ్మత్త పెరట్లో సిమెంటు గది లేచేసరికి మా తాతకి మూడు రోజులు అన్నం సయించలేదు, నాలుగో రోజుకి మాకూ లేచింది. దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఊళ్లో పెద్దలంతా వచ్చి, లోపలికి ఒక్కొక్కరే తల పెట్టి చూసి, ఏదో గొప్ప దర్శనమైనట్టు మౌనంగా బయటికొచ్చారు. చూరు కిందంతా ఎలుకలు సంసారాలు చేసుకునే మా పెంకుటింట్లో ఎలుక దూరని గది అదొక్కటే. తాత బుర్రలో దీపం వెలిగింది. మా గానుగ దగ్గర వండిన బెల్లం దిమ్మలన్నీ అందులో పేర్చి, బయట తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. పైడమ్మత్త వాళ్లు కూడా తక్కువ తినలేదు, వాళ్ల దాంట్లో కోళ్లని పెట్టారు. ఆ యేడు నాగుల చవితికి చిమ్మిలీ చలిమిడీ చేసిన బెల్లం కూడా ఆ గదిలోదే. పుట్ట దగ్గర దణ్ణం పెట్టుకుంటూ, ఈ సంగతి నాగేంద్రుడికి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు కొట్టుమిట్టాడాను.

మాఘమాసంలో షుగర్ ఫ్యాక్టరీ నుంచి చెరుకు కొట్టమని కటింగ్ ఆర్డరు వచ్చింది. ఏటా వీధి పక్క చెరుకుని ఆఖరికి వదిలేవారు, ఆడవాళ్లు ఇంట్లో పోట్లాడి వదిలించేవారు. ఆ యేడు మొదటి వంతు దానికే పడింది. కత్తులు దిగాయి, బళ్లు కదిలాయి, పిల్లలం బళ్ల వెనక పరిగెత్తి చెరుకు గెడలు లాక్కుని పెదాలు చీరుకుపోయేలా నమిలాం. మర్నాటి సాయంత్రానికి చూస్తే మా పెరటి వెనక నేల గుండు కొట్టించుకుంది. మాఘంలోనే మా ఇంట్లోంచి కొండలు కనిపించాయి. కొండలకి మేమూ కనిపించాం.

ఇంక చెరుకు మిగిలింది కాలవ అవతలే. మోకాళ్లు అరిగిపోయిన నాయనమ్మ ఆ గట్ల మీద అంత దూరం నడవలేదు. నడవలేక ఆమె చేసిందల్లా పొద్దుటి ఆ గుక్కెడు నీళ్లు కూడా మానేయడం. కొద్దిరోజులకే ఒళ్లు కాలిపోయే జ్వరంతో, పొత్తికడుపు పట్టుకుని పొయ్యి దగ్గరే పక్కకి ఒరిగిపోయింది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది. అంతవరకూ ఆమెకి రోగం వస్తుందనే నాకు తెలీదు. ఆటోలో వేసుకుని చోడవరం తీసుకెళితే, పరీక్ష చేసిన డాక్టరు నీళ్లు తాగక, ఆపుకుని ఆపుకుని మూత్రసంచిలో చీము పట్టిందనీ, ఇలాగే ఉంటే ప్రాణానికే ప్రమాదమనీ కసిరాడు.

"తాగితే ఎల్లాల గదా బాబూ," అంది నాయనమ్మ నీరసంగా. "ఎక్కడికెల్లను?"

డాక్టరు తాత వంక చూశాడు. తాత ఫ్యాను వంక చూశాడు. అది తిరగడం లేదు, అయినా చాలాసేపు చూశాడు.

సెలైను ఎక్కించుకుని ఇంటికి తిరిగొచ్చిన నాయనమ్మ ఆటో దిగి, ఇంట్లోకి పోకుండా పెరట్లోకి నడిచి, గది ముందు నిలబడి చెయ్యి చాపింది.

"తాళం సెవి ఇయ్యండి."

"బెల్లం ఎక్కడెట్టమంతావే?"

"మీ మంచం మీదెట్టుకోండి."

పెట్టింది కూడా. తనకి ఓపిక లేకపోతే వీధి ఆడవాళ్లంతా వరసగా నిలబడి దిమ్మలు చేతులు మార్చారు. కళ్ల ముందే తాత మంచం బెల్లం కొండయింది, చీమలు చుట్టుపక్కల మండలాల నుంచి కూడా బయల్దేరాయి, తాత అరుగు మీద చాప వేసుకున్నాడు. నాయనమ్మ ఆ పూటే వడ్రంగిని పిలిపించింది. "బైట తాళం పీకేసి లోపల గడియెయ్యి బాబూ. గట్టిదెయ్యి," అని దగ్గర నిలబడి వేయించింది. గడియ అటూ ఇటూ లాగి చూసుకుని, కడవ దగ్గరికొచ్చి, మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, నిండు చెంబు నీళ్లు గటగటా తాగేసింది. గొంతు మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. చెంబు కడిగి, మళ్లీ నింపి నా చేతికిచ్చింది.

ఆ వారంలోనే పైడమ్మత్త కోళ్లు వీధిన పడ్డాయి, ఇంకొకరింట్లో పిడకలు బయటికొచ్చాయి. ప్రతి పెరట్లోనూ తలుపు పక్క ఒక సబ్బుముక్క వేలాడింది, కాకులు ఎత్తుకుపోతే మళ్లీ కట్టారు. తాత మాత్రం పౌరుషం కొద్దీ కొన్నాళ్లు కాలవ గట్టుకే పోయాడు. ఒక మధ్యాహ్నం, ఎవరింట్లోనో పెళ్లి భోజనం కాస్త గట్టిగా తగిలి, చెంబు పట్టుకుని గది ముందు పచార్లు మొదలెట్టాడు. లోపల నాయనమ్మ ఉంది. అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు, మధ్యలో ఆగి ఆకాశం వంక చూపు. నాకెక్కడో చూసిన నడకలా అనిపించింది.

"ఏటే, ఇంకా ఎంతసేపూ?"

లోపల్నించి తొందరేమీ లేని గొంతు వచ్చింది.

"సీకటి పడీదాక ఆగలేరేటి?"

ఇప్పుడు ఆ చెరుకు లేదు, రాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. ఆ చీకటి కబుర్లు లేవు, నాయనమ్మా తాతా లేరు, వానాకాలంలో మంచమెక్కేవాళ్లూ అంతమంది లేరు. మా ఫ్లాటులో రెండు బాత్రూములు, రెంటికీ లోపల గడియలు. ఈ మధ్యాహ్నం ఒక పేరంటానికి చోడవరం వెళ్లాలి. బయల్దేరేముందు బెల్లం ముక్క నోట్లో వేసుకుని చెంబుడు నీళ్లు ఎత్తాను. సగం తాగి, ఆగిపోయాను. దారి పొడుగునా ఎక్కడైనా ఒక తలుపు ఉంటుందా, ఉంటే దానికి లోపల గడియ ఉంటుందా?

చెంబు ఇంకా చేతిలోనే ఉంది. మా ఆయన కింద హారన్ కొడుతున్నాడు.