ఆరడుగుల బార

ఆ ఉదయం స్థలంలో ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, ఇల్లు కట్టించుకోబోతున్న అత్త, ఆమె పక్కింటాయన. ఉన్న వస్తువులు: ఒక ట్యాబు, దాని పెన్ను, సగం బస్తా సున్నం, ముడులేసిన కొబ్బరితాడు, బోర్లించిన పాత పడవ. లేనిది టేపు. (అది పెందుర్తిలో, మా ఆఫీసు బల్ల సొరుగులో ఉంది.) ట్యాబు ఉన్నవాడికి టేపు దేనికని నేననుకునే రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు, చేతిలో సివిల్ డిప్లొమా, ఆర్కిటెక్టు సారు దగ్గర నాలుగు నెలల అనుభవం.

మొదటి స్కెచ్‌లకు మా ఆఫీసులో ఒక చిన్న యాప్ వాడేవాళ్లం. అందులో మొత్తం ఉన్నవి రెండు పెన్నులు, ఒక రబ్బరు, పలచటి కాగితాల్లాంటి పొరలు, అడుగున గడులు. ఒక్కో గడి ఎంతో మనం చెబితే, గీసినదాని కొలత అది చెబుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో గీసిన గోడ సిమెంటు ఆరిపోయినట్టే కనిపిస్తుంది. ఇందులో గీత కాస్త వణుకుతుంది, ఇంకా చెరపొచ్చు అన్నట్టు ఉంటుంది. సారుకి నచ్చింది ఆ వణుకే, నాకు నచ్చనిదీ అదే. గీతల్ని తిన్నగా చేసే మీట సెట్టింగ్స్‌లో వెతికి పట్టుకుని, నొక్కి, ఇక ముట్టుకోలేదు. "అత్తతో 'సరే' అనిపించుకుని రా, ఇకమీదట మొదటి స్కెచ్‌లన్నీ నీవే," అన్నారు సారు. అనిపించుకోలేకపోతే మళ్లీ ప్రింటర్ పక్కన నిలబడి డ్రాయింగులు మడతపెట్టడమే.

అత్త నాకు చుట్టం కాదు. భీమిలికి ఇవతల సముద్రపు పల్లెలో చేపలమ్మే మనిషి, ఊరందరికీ అత్తే. స్థలం ఎంతని ఫోన్లో అడిగితే, "ఎనిమిది బార్ల పొడుగు, అయిదు బార్ల ఎడల్పు బాబూ," అంది. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు. అక్కడ వలతాళ్లూ నీటిలోతూ అన్నీ బారల్లోనే. బారకు ఆరడుగులు. (నెట్‌లో మూడు చోట్ల సరిచూశాను.) అంటే నలభై ఎనిమిదికి ముప్ఫై. రెండు పడకగదులు, వంటగది, సముద్రం వైపు గోడంత కిటికీ. అన్నీ తిన్నని గీతలు. చూపిస్తే అత్త ఒకసారి తలూపి, "బాగుంది బాబూ, నీకే ఎరిక," అని ఊరుకుంది. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. స్కెచ్ దశలో ముగ్గు పోయమని ఎవరూ అడగలేదు. ఆరడుగులకొక ముడి చొప్పున ముందే ముడులేసి తెచ్చిన తాడు పరిచి, రోడ్డు మూల నుంచి సున్నం పోసుకుంటూ వెళ్లాను. ఏడో ముడి స్థలం దాటింది. ఎనిమిదో ముడి దగ్గర వంటగది పక్కింటాయన పడవ మీదికి ఎక్కింది.

ఆయన బీడీ తీసి చూశాడు. "ఏటి వదినా, నా పడవలో వొండుకుందామనేటి?"

"నాను కాదు మరిదీ, ఈ బాబు..."

"బాబేటి సేత్తాడు, నువ్వు సెప్పిందే కదా గీత్తాడు. నేడు సున్నం, రేపు గోడ."

అత్త మొహం వాడిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ రెండిళ్ల మధ్య కంచె కూడా లేదని తర్వాత తెలిసింది. "వొద్దు బాబూ. ఇల్లొద్దు, ఏటొద్దు. తుడిపెయ్," అంది. యాప్‌లో రెండు వేళ్లతో తడితే గీత వెనక్కి పోతుంది. సున్నాన్ని చెప్పుకాలితో చెరిపాను. ప్రింటర్ చప్పుడు చెవిలో వినిపిస్తూనే ఉంది. అయినా నోరు ఊరుకుంటేనా! "లెక్క తప్పు లేదండీ. బారకు ఆరడుగులు, ఎనిమిది ఆర్లు నలభై ఎనిమిది."

పక్కింటాయన నన్నూ, నా భుజం దాకా వచ్చే అత్తనూ మార్చి మార్చి చూసి పెద్దగా నవ్వాడు. "బాబూ, ఎవులి బార?"

"నాదే. నానే కొలిసినాను," అని అత్త చేతులు చాచింది. ఆయన పడవ బాగుచేసే పెట్టెలోంచి తుప్పు పట్టిన టేపు తెచ్చాడు. అయిదడుగుల ఒక అంగుళం.

నేను పడవ నీడలో కూలబడి, గడికి ఆ కొలతే పెట్టాను. ఎనిమిది గడులు, అయిదు గడులు. తిన్నగా చేసే మీట ఆపేశాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది.

"ఈ గడి ఒక బారేటి?"

"అవునత్తా, మీ బారే."

ఆమె గాలిలో చేతులు చాచి చూసుకుంది. అంతే, మాట పెగిలింది. "అయితే వొంటిల్లు ఇంతేనేటి? ఐసుపెట్టె ఎడితే నానెక్కడ నిలబడతాను? ఈ కిటికీ ఏటి?"

"సముద్రం కనిపిస్తుందని..."

"రోజూ సూత్తన్నదే కదేటి! ఉప్పుగాలికి ఊసలు నాలుగు రోజులాగవు. పడవలు దిగే దారి కనిపించాల, మీ మావ వొత్తన్నాడో లేదో తెలియాల." పెన్ను లాక్కుని, ఉత్తరపు గోడలో జామకాయంత కిటికీ ఒకటి గీసింది. పక్కింటాయన తొంగిచూసి, "మెట్లు నా వైపు ఎట్టు వదినా, మా పిల్లలూ మేడెక్కుతారు," అన్నాడు. అత్త అదీ గీసింది. ఆ తర్వాతే "సరే" అంది.

మర్నాడు సారు స్వయంగా స్థలం కొలిచారు. అత్త బారలకూ టేపుకూ పొడవులో తేడా రెండంగుళాలు. "ఈ వంకర కిటికీ ఎవరిది?" అన్నారు. చెప్పాను. "దాన్ని ముట్టుకోకు," అన్నారు.

ఇల్లు లేచింది, కిటికీ అక్కడే ఉంది, కంచె ఇప్పటికీ లేదు. మొదటి స్కెచ్‌లు అప్పటి నుంచీ నావే. కొత్త ఫైలు తెరవగానే గడి ఎంతని యాప్ అడుగుతుంది. ఒకప్పుడు దానికి ఆలోచించకుండా ఆరు అని కొట్టిన కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ముడులేసిన తాడుతో ఎంత నమ్మకంగా బస్సెక్కాడో అనిపించి కాస్త ముద్దూ వస్తుంది. మొన్న ఆఫీసులో ఎవరూ లేనప్పుడు గోడకానుకుని చేతులు చాచి నా బార కొలుచుకున్నాను. అయిదడుగుల ఎనిమిది అంగుళాలు.