ఓబద్యా స్ప్రేగ్ వదులుకున్న పదవి

మా వాబాష్ ఏటి ఒడ్డున దుంగల ఇల్లు కట్టుకున్న తొలివాళ్ళలో ఓబద్యా స్ప్రేగ్ ఒకడు. పొరుగింటి పొయ్యి ఆరిపోతే అడగకముందే నిప్పు తెచ్చిచ్చే మనిషి. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఇంగ్లీషు రాజుతో యుద్ధం వచ్చినప్పుడు గుర్రపు దళంలో చేరాడు. నడి చలికాలంలో ఆ దళం చేత మయామీ తెగ ఇండియన్ల పల్లెలూ మొక్కజొన్న గాదెలూ తగలబెట్టించారు. "పిల్లల నోటికాడ కూడు కాల్చడం కూడా యుద్ధమేనా?" అని కెప్టెన్ మొహం మీదే అరిచాడట. తిరుగు దారిలో గుర్రం కూలిపోయి, మంచుకి కాళ్ళు చచ్చుబడితే, దళంలోనే ఉన్న పక్కింటి ఎనోషు అతన్ని వీపున మోసుకొచ్చాడు. ఎనోషు తర్వాత జ్వరంతో పోయాడు.

మా పల్లెలన్నీ కలిపి టౌన్‌షిప్ చేశాక ఓబద్యాని బీదల పెద్దగా ఎన్నుకున్నాం. ఏటా ఏప్రిల్లో దిక్కులేనివాళ్ళని వేలం వెయ్యడం బీదల పెద్ద చేసే పని. పోషించడానికి టౌన్‌షిప్ నుంచి ఎవరు తక్కువ డబ్బు అడిగితే వాళ్ళకే ఆ మనిషి. ఏడాదంతా చాకిరీ చేయించుకోవచ్చు. మొదటి ఏడు మిల్లు యజమాని టిల్లట్ పాడుకున్న ముసలి హైరం ఆ చలికాలం దాటలేదు.

మరుసటి ఏడు పిలవాల్సిన పేరు ఎనోషు భార్య కెజీయాది.

"ఏం ఓబద్యా, గొంతు పట్టేసిందా?" టిల్లట్ నవ్వాడు. "ఇరవై డాలర్లిస్తే చాలు నాకు. ఆ ఎముకలగూడు ఎంత తింటుందిలే!"

ఓబద్యా బల్ల గుద్దాడు. "నోర్ముయ్! ఈవిడ మొగుడి వీపు మీదే నేను బతికొచ్చాను. నేనే పాడుతున్నా. ఒక్క సెంటు వద్దు."

"వేలం వేసేవాడు పాడకూడదు," అన్నాడు టౌన్‌షిప్ గుమాస్తా.

"అయితే ఈ పదవి నీ నెత్తినే పెట్టుకో! నాకొద్దు."

అప్పుడు కెజీయా లేచింది. "ఏమయ్యా, నిరుడు హైరంని వేలం వేసినప్పుడు నీ గొంతు బాగానే లేచిందే? వేలంలో పాడుకుంటే నీ ఇంటికీ రాను."

ఓబద్యా మొహం నల్లబడింది. "తప్పే వదినా. పాడను. మా ఇంటికి రమ్మని పిలుస్తున్నా."

అతని భార్య తబితా అప్పటికే ఆవిడ మూట అందుకుంది. "పొయ్యి మీద చిక్కుళ్ళు మాడిపోతాయి, నడవక్కా."

దిక్కు దొరికిందిగా, గుమాస్తా ఆ పేరు కొట్టేశాడు. వెంటనే టిల్లట్ బావమరిదిని బీదల పెద్దని చేశారు, ఆదివారం ప్రార్థనలో నా పక్కన మోకరించే మనుషులే చేతులెత్తి. అతను గొంతు సవరించుకుని తర్వాతి పేరు పిలిచాడు. ప్రభువు నన్ను మన్నించాలి, ఆ చేతుల మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.